ఆవుల సంగతి తర్వాత, ముందు అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లండి

ప్రశ్న: మేం బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం. అమ్మానాన్న ముళబాగిలు దగ్గర మా ఊళ్లో ఆవులు పెట్టుకుని పాలకేంద్రానికి పోస్తుంటారు. అమ్మకు 58 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. ఆరు నెలల్లో మూడుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. పోయిన నెల కల్చర్‌లో ‘ఈ.కోలి, ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అన్నారు. రెండు రోజులుగా చలిజ్వరం, ఎడమవైపు నడుము నొప్పి. మెడికల్ షాపులో ఇచ్చిన సెఫిక్సిమ్ వేసుకుంటోంది. ఆవులకు పొదుగువాపు వచ్చినప్పుడు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేయిస్తాం. ఈ బ్యాక్టీరియా ఆవుల నుంచే వచ్చిందా అని తేల్చే జన్యు పరీక్ష ఎక్కడ చేస్తారు? ఆవులను అమ్మేయాలా?
- ఒక పాఠకుడు, బెంగళూరు

డాక్టర్ సలహా: మీరు అడిగింది జన్యు పరీక్ష గురించి. నా కన్ను మాత్రం చలిజ్వరం, నడుము నొప్పి దగ్గరే ఆగిపోయింది. షుగర్ ఉన్నవాళ్లకు యూరిన్ ఇన్ఫెక్షన్‌తో పాటు ఈ రెండూ కనిపిస్తే, ఇన్ఫెక్షన్ మూత్రాశయం దాటి కిడ్నీకి ఎక్కిందేమోనని అనుమానించాలి. మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పలేను. కానీ ఇంకో రెండు రోజులు చూద్దాంలే అనుకునే పరిస్థితి కాదిది. ఈరోజే కోలారుకో బెంగళూరుకో, అడ్మిట్ చేసుకునే వసతి ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. వాంతులు, మగత, తికమకగా మాట్లాడటం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి.

యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందే యూరిన్ కల్చర్, బ్లడ్ కల్చర్ (ఏ బ్యాక్టీరియా ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్షలు) తీస్తారా అని అడగండి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, అల్ట్రాసౌండ్ కూడా కావాలి. కిడ్నీలో రాయో, మూత్రానికి అడ్డంకో ఉంటే ఎంత ఖరీదైన మందైనా సరిగ్గా పనిచేయదు. షుగర్ రోగుల్లో అరుదుగా కిడ్నీలో గ్యాస్ పట్టే తీవ్రమైన ఇన్ఫెక్షన్ కూడా వస్తుంది. అది స్కాన్‌లోనే బయటపడుతుంది.

ఇక సెఫిక్సిమ్ సంగతి. ఈఎస్‌బీఎల్ అంటే ఆ జాతి మందులను విరగ్గొట్టే ఎంజైమ్ ఆ బ్యాక్టీరియా దగ్గర ఉందని అర్థం. పోయిన నెల రిపోర్టు తీసి చూడండి, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి పేర్ల ఎదురుగా ‘ఆర్’ అనే అక్షరం ఉంటుంది. ఈ మందుకు లొంగదు అని దాని అర్థం. చేతిలో ఆ కాగితం పెట్టుకుని అదే మందు కొన్నారు. షాపతనికి రిపోర్టు చూపించారా? చూపించలేదనే అనుకుంటున్నాను. సెఫిక్సిమ్ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రిజిస్టర్‌లో రాయాలి. అయినా అడగ్గానే ఇస్తారు, మనమూ తీసుకుంటాం. నా ఓపీకి వచ్చేవాళ్ల సంచుల్లో తరచూ కనిపించేది సగం వాడిన స్ట్రిప్పే. మూడు మాత్రలకు మంట తగ్గుతుంది, మిగతావి అల్మరాలో దాస్తారు, మళ్లీ మంట రాగానే అవే మింగుతారు. ఇలా వాడిన ప్రతిసారీ మందుకు లొంగే బ్యాక్టీరియా చచ్చి, లొంగనిది మిగులుతుంది. కల్చర్ కూడా సరిగ్గా రాదు, ఏ మందు ఇవ్వాలో మాకు తెలియకుండా పోతుంది. దయచేసి అమ్మతో ఆ పని చేయించకండి. కోప్పడుతున్నానని అనుకోవద్దు, మీ అమ్మగారి వయసు వాళ్లు ఇలాగే ఆలస్యమై ఐసీయూలో చేరడం చూసి చెబుతున్నాను.

కిడ్నీకి ఎక్కిన ఈఎస్‌బీఎల్ ఇన్ఫెక్షన్‌కు చాలాసార్లు మెరోపెనెమ్, ఎర్టాపెనెమ్ లాంటి ఇంజెక్షన్లు వాడాల్సి వస్తుంది. నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ నోటిమందులు మూత్రాశయం వరకైతే ఉపయోగపడతాయి, కిడ్నీకి సరిపోవు. ఏది ఇవ్వాలో అక్కడి డాక్టరే నిర్ణయించాలి.

ఇప్పుడు జన్యు పరీక్ష. బ్యాక్టీరియాలో ఎంపిక చేసిన కొన్ని జన్యువులను (సాధారణంగా ఏడు) చదివి దానికో రకం నంబరు ఇచ్చే పద్ధతి 1998లో మెనింజైటిస్ బ్యాక్టీరియాతో మొదలైంది. మనుషుల యూరిన్ ఇన్ఫెక్షన్లలో ప్రపంచమంతా కనిపించే ఈ.కోలి రకం ఎస్‌టీ131. ఈ నంబరు ఇంటిపేరు లాంటిది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన ఒకే ఇంటివాళ్లని చెప్పలేం. అందుకే ఇప్పుడు మొత్తం జీనోమ్, అంటే బ్యాక్టీరియా డీఎన్‌ఏ అంతా చదివి పోలుస్తున్నారు. పైగా సీటీఎక్స్-ఎమ్-15 లాంటి, మందుకు లొంగకుండా చేసే నిరోధక జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్కల మీద ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో రకానికి దూకుతాయి. కాబట్టి ఆవులో ఉన్నదీ అమ్మలో ఉన్నదీ వేరు రకాలైనా జన్యువు ఒకటే కావచ్చు. రెండూ అచ్చంగా ఒకటే అయినా, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఒక్క రిపోర్టు చెప్పదు.

తూర్పు ఇంగ్లండ్‌లో పశువుల ఈ.కోలినీ, రోగుల రక్తంలో దొరికిన ఈ.కోలినీ ఇలాగే పోల్చారు. పశువుల నుంచే వచ్చిందనడానికి ఆధారాలు తక్కువేనని 2019లో ప్రచురించారు. మన దొడ్ల పరిస్థితి అక్కడిలాగే ఉంటుందని నేను అనను. అలాగని పశువుల వైపు ప్రమాదమే లేదనీ అనుకోవద్దు. చివరి అస్త్రంగా వాడే యాంటీబయాటిక్ కొలిస్టిన్‌కు బ్యాక్టీరియా లొంగకుండా చేసే ఎంసీఆర్-1 జన్యువును 2015లో చైనా పందుల్లో గుర్తించి బయటపెట్టారు. ఆహారం కోసం పెంచే జంతువులకు ఆ మందు వాడకాన్ని మన ప్రభుత్వం 2019లో నిషేధించింది.

బెంగళూరులోనే యలహంకలో పశువ్యాధులను అధ్యయనం చేసే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సంస్థ ‘నివేది’ ఉంది. ఇలా బ్యాక్టీరియా రకం తేల్చే పరీక్ష (టైపింగ్) వ్యాధుల మీద నిఘాకూ పరిశోధనకూ పనికొస్తుంది. ఈ వారం మీ అమ్మగారికి ఏ ఇంజెక్షన్ ఇవ్వాలో చెప్పేది మాత్రం మామూలు కల్చర్ రిపోర్టే. టైపింగ్‌కు డబ్బు పెట్టొద్దని నా సలహా.

ఆవులను అమ్మక్కర్లేదు. పొదుగువాపుకు వేసే మందుల్లో సెఫ్ట్రియాక్సోన్ కూడా ఉంటుంది, మనకు ఎక్కించేది అదే. కాబట్టి పశువైద్యుడు చెప్పకుండా వేయించకండి. మందు వేశాక ఆయన చెప్పిన రోజులు గడిచేదాకా ఆ పాలు కేంద్రానికి పోయకండి, దూడకూ పట్టకండి. పేడ తీశాక, పాలు పితికాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పాలు కాచే తాగాలి, పచ్చిపాలతో బ్రూసెల్లా జ్వరం కూడా వస్తుంది.

అమ్మ కోలుకున్నాక, మాటిమాటికీ ఎందుకు వస్తోందో చూడాలి. మూడు నెలల షుగర్ సగటు చూపించే పరీక్ష చేయించండి, మూత్రం పూర్తిగా ఖాళీ అవుతోందో లేదో స్కాన్‌లో చూపించండి. నెలసరి ఆగినవాళ్లకు యోనిలో రాసే ఈస్ట్రోజెన్ క్రీము ఇన్ఫెక్షన్లు మళ్లీ రావడాన్ని తగ్గిస్తుంది, అది ఆమెకు సరిపడుతుందా అని గైనకాలజిస్టును అడగండి. మంటా జ్వరమూ లేనప్పుడు ఊరికే కల్చర్ చేయించి, అందులో బ్యాక్టీరియా కనపడిందని మందులు మొదలుపెట్టకండి. ఇప్పుడు బయల్దేరేటప్పుడు పాత కల్చర్ రిపోర్టులన్నీ, ఆ సెఫిక్సిమ్ స్ట్రిప్పుతో సహా, వెంట తీసుకెళ్లండి.