హెడ్‌ఫోన్ మార్చే ముందు ఎడమ చెవి చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 44. మెల్‌బోర్న్‌లో ఉంటాను. రెండేళ్లుగా వారాంతాల్లో బెండిగో, మేరీబరో వైపు వెళ్లి మెటల్ డిటెక్టర్‌తో బంగారం వెతకడం అలవాటైంది. వెళ్లిన రోజు ఆరేడు గంటలు హెడ్‌ఫోన్ పెట్టుకునే ఉంటాను. ఇప్పటికి రెండు హెడ్‌ఫోన్లు పాడయ్యాయి. చెమటకు కుషన్ల మీద రెక్సిన్ పొట్టులా రాలుతోంది, వైరు పిన్ను దగ్గర తెగుతోంది. రెండింట్లోనూ ఎడమ వైపు సౌండ్ తగ్గిపోయింది, అందుకని ఆ వైపు వాల్యూమ్ ఎక్కువ పెడుతున్నాను. ఎక్కువ కాలం మన్నే హెడ్‌ఫోన్ ఎలా ఎంచుకోవాలి? ఎలా చూసుకోవాలి? ఎడమ చెవిలో దురద, సాయంత్రానికి గుయ్‌మని హోరు కూడా ఉంటున్నాయి. అమ్మ ఇండియా నుంచి తెచ్చిన చుక్కల మందు వేసుకుంటే తగ్గి మళ్లీ వస్తోంది. షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను.
– ఒక పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: రెండు వేర్వేరు హెడ్‌ఫోన్లు, రెండింట్లోనూ ఎడమ వైపే సౌండ్ తగ్గిందంటే తప్పు హెడ్‌ఫోన్‌ది కాకపోవచ్చు. ఈ రోజే ఒక పని చేయండి. రెండు వైపులా వాల్యూమ్ సమానంగా ఉంచి, హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకోండి, కుడి కప్పు ఎడమ చెవి మీదికి వచ్చేలా. ఇప్పుడు కుడి చెవికి తక్కువగా వినిపిస్తే పాడైంది హెడ్‌ఫోనే. అలా కాక మళ్లీ ఎడమ చెవికే తక్కువ వినిపిస్తే, తగ్గింది మీ వినికిడి. అప్పుడు ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్ కొన్నా నెల తిరక్కుండా మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు.

దురద, హోరు, వినికిడి తగ్గడం మూడూ ఒకే చెవిలో ఉన్నట్టున్నాయి. చెవి చూడకుండా జబ్బు పేరు చెప్పలేను, చెప్పకూడదు కూడా. గులిమి గట్టిపడి అడ్డుపడినా ఇలా ఉంటుంది. అదే అయితే మంచిదే, తీసేస్తే సరిపోతుంది. చెమట, వేడి, గంటల తరబడి మూసుకున్న కప్పు తోడైతే చెవి దారిలో ఫంగస్ చేరుతుంది. కర్ణభేరికి చిల్లు ఉండొచ్చు. పెద్ద శబ్దానికి లోపలి చెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతిని ఉండొచ్చు. చాలా అరుదుగా వినికిడి నరం మీద గడ్డ ఉన్నా ఒకే వైపు హోరు వస్తుంది. ఇది మీకు టెన్షన్ పెట్టడానికి రాయలేదు. ఒకే వైపు లక్షణాలు ఉన్నవాళ్లను మేం పరీక్ష చేయకుండా వదలం, ఆ కారణం తెలియాలని రాశాను.

ఇక ఆ చుక్కల మందు. విదేశాల్లో ఉన్న పిల్లల కోసం ఆవకాయతో పాటు మందులు కూడా సూట్‌కేసులో సర్దే తల్లిదండ్రులను రోజూ చూస్తుంటాను. వాళ్ల ప్రేమను తప్పు పట్టను గానీ, చెవి మందు విషయంలో మాత్రం గట్టిగానే చెబుతాను. మన దగ్గర మెడికల్ షాపుల్లో అడగ్గానే ఇచ్చే చెవి చుక్కల్లో చాలావాటిలో యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల దురద, వాపు తగ్గుతాయి, దాంతో మీకు నయమైనట్టు అనిపిస్తుంది. లోపల ఉన్నది ఫంగస్ అయితే ఆ మందుతో అది ఇంకా పెరుగుతుంది. "తగ్గి మళ్లీ వస్తోంది" అని మీరు రాసిన మాట చదవగానే నాకు మొదట వచ్చిన అనుమానం ఇదే. నియోమైసిన్ ఉన్న చుక్కలైతే కొందరికి ఆ మందే పడక దురద పెరుగుతుంది. దురద పెరిగిందని ఇంకో రెండు చుక్కలు వేస్తారు. కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లు నియోమైసిన్, జెంటామైసిన్ లాంటివి రోజుల తరబడి వాడితే లోపలి చెవికి హాని జరిగి, వినికిడి శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. చిల్లు ఉందో లేదో మీకు తెలియదు. మందు తెచ్చిన అమ్మగారికీ తెలియదు. కాబట్టి చుక్కలు ఆపండి. వెల్లుల్లి వేసి కాచిన నూనె, బడ్స్, కారు తాళం, పిన్నీసు కూడా వద్దు. ఆ చుక్కల సీసా పారేయకుండా డాక్టర్‌కు చూపించండి, అందులో ఏముందో తెలిస్తే ఆయన పని తేలికవుతుంది.

షుగర్ సంగతి చివర్న రాశారు కానీ నేను దాన్ని ముందు పెట్టి చదివాను. షుగర్ ఉన్నవాళ్లలో చెవి దారి ఇన్ఫెక్షన్ అప్పుడప్పుడు ఎముకలోకి పాకుతుంది. రాత్రి నిద్ర పట్టనివ్వనంత పోటు, చీము, నోరు తెరిస్తే నొప్పి, ముఖం ఒక వైపు వాలడం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్లండి. ఉన్నట్టుండి, అంటే ఒకటి రెండు రోజుల్లోనే, ఒక చెవి బాగా వినపడకపోయినా అంతే. లోపలి చెవి వల్ల వచ్చే అలాంటి నష్టానికి స్టెరాయిడ్ చికిత్స ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు, రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గిపోతుంది. గులిమి అనుకుని నెల ఆగి వచ్చేవాళ్లకు మేం చేయగలిగింది తక్కువే. ఈ లక్షణాలేవీ లేకపోతే ఈ వారంలో మీ జీపీని, అంటే ఫ్యామిలీ డాక్టర్‌ను కలవండి. చెవిలోకి చూసి, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) రాసి, అవసరమైతే ఈఎన్‌టీకి రిఫర్ చేస్తారు. చివరి షుగర్ రిపోర్టు కూడా పట్టుకెళ్లండి.

శబ్దం విషయానికి వస్తే, ఆస్ట్రేలియాలో పనిచేసే చోట్ల హద్దు 8 గంటలకు 85 డెసిబెల్స్. ఆ పైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగానికి తగ్గుతుంది. 88 అయితే 4 గంటలు, 94 అయితే గంట మాత్రమే. మీరు ఆరేడు గంటలు వింటున్నారు. బంగారం వెతికేవాళ్లు డిటెక్టర్ నుంచి వచ్చే సన్నని హమ్ వదలకుండా వింటూ ఉంటారని, లోతులో ఏదైనా ఉంటే ఆ హమ్‌లో చిన్న తేడా వస్తుందని నాకు తెలుసు. 1980లో మీ విక్టోరియా రాష్ట్రంలోనే కింగోవర్ దగ్గర 27 కిలోల బంగారు ముద్ద దొరికింది డిటెక్టర్‌తోనే. కాబట్టి ఆశపడటం సహజం. కానీ హమ్ పెద్దగా పెడితే ఆ చిన్న తేడా అందులోనే మునిగిపోతుంది. చెవికి అంది అందనట్టు ఉంచడమే మేలు. పైన పడి ఉన్న పాత మేకు, డబ్బా రేకు తగిలినప్పుడు వచ్చే కీచు శబ్దమే చెవికి ఎక్కువ హాని చేస్తుంది. మీ మిషన్‌లో హమ్‌కీ, సిగ్నల్‌కీ వాల్యూమ్ విడిగా ఉంటే సిగ్నల్‌ది తగ్గించండి. చేయి చాచినంత దూరంలో నిలబడిన మనిషికి మీ హెడ్‌ఫోన్ శబ్దం వినిపిస్తోందంటే అది ఎక్కువే. గంటకోసారి పది నిమిషాలు తీసేయండి, చెవికీ గాలి తగులుతుంది.

మీరు అడిగినదానికి క్లుప్తంగా చెబుతాను. చెవి మొత్తాన్ని కప్పే మూసిన కప్పులు తీసుకోండి. గాలి చప్పుడు లోపలికి రాకపోతే వాల్యూమ్ తక్కువతో సరిపోతుంది. చెవిలోకి దూర్చే రకం మీ చెవికి ఇప్పుడు అసలు వద్దు. కుషన్లు ఊడదీసి కొత్తవి వేసుకునే వీలు, రెండు వైపులా వేర్వేరు వాల్యూమ్ బటన్లు, స్ప్రింగులా సాగే వైరు, పిన్ను దగ్గర మందంగా రబ్బరు తొడుగు ఉన్నాయో లేదో చూడండి. మామూలు బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, అందుకే వైరుదే నయం. కళ్లజోడు కాడ, టోపీ అంచు కుషన్ కిందికి వస్తే సందు పడి బయటి చప్పుడు లోపలికి వస్తుంది. అప్పుడు కూడా వాల్యూమ్ పెంచేస్తారు, గమనించుకోండి.

ఇంటికి రాగానే కుషన్లను తడి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. స్పిరిట్‌తో తుడిస్తే రెక్సిన్ తొందరగా పగులుతుంది. ఉతుక్కునే పల్చని నూలు తొడుగులు వేస్తే చెమట వాటికే పడుతుంది, చెవికీ మంచిది. పిన్ను పట్టుకుని లాగాలి, వైరు పట్టుకుని కాదు. ఎండలో పెట్టిన కారులో వదిలేస్తే జిగురు కరిగి కుషన్ ఊడుతుంది. పొట్టు రాలుతున్న కుషన్ మాత్రం పారేయండి. ఆ పగుళ్లలో చేరిన మురికి మళ్లీ మీ చెవికే అంటుతుంది. ఇన్ఫెక్షన్ తగ్గిందని డాక్టర్ చెప్పేదాకా హెడ్‌ఫోన్ తీసి, డిటెక్టర్ స్పీకర్‌తోనే వెతకండి.

కొత్తది ఆడియోగ్రామ్ వచ్చాకే కొనండి. అందులో సన్నని, కీచు స్వరాల దగ్గర వినికిడి తగ్గినట్టు కనిపిస్తే, ఆడియాలజిస్టును (వినికిడి పరీక్ష చేసే నిపుణుణ్ని) అడిగి డిటెక్టర్ టోన్‌ను మీకు బాగా వినిపించే మంద్ర స్వరానికి మార్చుకోండి. చాలా మిషన్లలో ఆ సెట్టింగ్ ఉంటుంది. వాల్యూమ్ పెంచాల్సిన అవసరం అప్పుడు అంతగా రాదు.

– ఈఎన్‌టీ వైద్యులు, విజయవాడ