17 నియమాలూ కంఠతా రావాలా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది కాజీపేట. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, కాలేజీ జట్టులో ఆడతాను. ఫుట్‌బాల్ రిఫరీ పరీక్ష రాయాలనుకుంటున్నాను. నియమాల పుస్తకం మొత్తం చదవాలా? ఆట తెలిస్తే చాలు, మిగతాది మైదానమే నేర్పుతుందని మా సీనియర్లు అంటున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మైదానం నేర్పుతుంది, కాదనను. కానీ రిఫరీ అక్కడ నేర్చుకునే పాఠానికి నష్టపోయేది ఏదో ఒక జట్టు. నా వల్ల అలా నష్టపోయిన పిల్లలను నేను ఇప్పటికీ మరచిపోలేదు.

హన్మకొండలో బడిపిల్లల పోటీ. పొద్దుటి నుంచి ముసురు, గోల్ ముందంతా బురద. ఒక డిఫెండర్ తమకు దొరికిన డైరెక్ట్ ఫ్రీకిక్‌ను వెనక్కి, తమ గోల్‌కీపర్ వైపు తన్నాడు. ఆ పిల్లవాడు కాలు చాపబోయి జారాడు. బంతి అతని బూటుకు నాలుగు వేళ్ల దూరం నుంచి మెల్లగా దొర్లి గీత దాటింది. నేను ఈల ఊది సెంటర్ వైపు చెయ్యి చూపించాను, గోల్ అని. ఫ్రీకిక్ నేరుగా సొంత గోల్‌లోకి వెళితే గోల్ కాదు, ఎదుటి జట్టుకు కార్నర్ కిక్. కీపర్ బూటు తగిలి ఉంటే గోలే. బూటుకూ బంతికీ మధ్య సందును నా కళ్లతో చూశాను. ఆ సందుకు అర్థమేమిటో మాత్రం ఆ క్షణంలో తట్టలేదు. విరామంలో వాళ్ల కెప్టెన్ దగ్గరికి వచ్చి, ‘‘అది కార్నర్ కదా సార్?’’ అని మెల్లగా అడిగాడు. ఆట తిరిగి మొదలయ్యాక ఆ నిర్ణయాన్ని మార్చే అధికారం రిఫరీకి లేదు. మ్యాచ్ 1-0తోనే ముగిసింది.

కన్ను పొరబడడం వేరు, నియమం తెలియకపోవడం వేరు. మొదటిది ఎంత గొప్ప రిఫరీకైనా జరుగుతుంది, ఆ ఫలితం అలాగే నిలుస్తుంది. రెండోది మ్యాచ్‌నే రద్దు చేయించగలదు. 2005 సెప్టెంబర్‌లో ప్రపంచకప్ అర్హత పోటీలో ఉజ్బెకిస్తాన్, బహ్రెయిన్ తలపడ్డాయి. ఉజ్బెక్ ఆటగాడు పెనాల్టీని గోల్ చేశాడు, కానీ అతని సహచరుడు ముందే పెనాల్టీ ఏరియాలోకి వచ్చేశాడు. పెనాల్టీ మళ్లీ కొట్టించాల్సిన రిఫరీ బహ్రెయిన్‌కు ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ చేయడానికి వీల్లేని కిక్) ఇచ్చాడు. 1-0తో గెలిచిన ఉజ్బెకిస్తాన్ విజయం చెల్లలేదు. ఫిఫా మ్యాచ్ మళ్లీ ఆడించింది, అది 1-1 అయింది. అవే జట్ల మధ్య రెండో అంచె మ్యాచ్ 0-0 కావడంతో, ఎదుటి జట్టు సొంత మైదానంలో కొట్టిన గోల్ లెక్కన బహ్రెయిన్ ముందుకు వెళ్లింది. ఒక దేశం ఆశ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది!

అందుకే మొత్తం చదువు. బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు... ఇవి రెండు రోజుల్లో వచ్చేస్తాయి. కష్టమంతా ఆట ఆగాక తిరిగి ఎలా మొదలుపెట్టాలన్న దగ్గరే. తప్పు ఎవరిది, ఎక్కడ జరిగింది, అప్పుడు బంతి ఆటలో ఉందా? ఈ మూడూ క్షణంలో తేల్చుకోవాలి. ఆ జవాబు వెతుక్కుంటూ నిలబడితే అవతల జరిగే తోపులాట కనబడదు. రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు ఆటలో చూసిన ఒక సంఘటన తీసుకుని, ఈ మూడు ప్రశ్నలు వేసుకుని నోట్‌బుక్‌లో రాసుకో.

మీ సీనియర్లను ఒక మాట అడుగు. గోల్‌కీపర్ బంతిని చేతుల్లో ఎక్కువసేపు పట్టుకుంటే ఏం చేయాలి? ఆరు సెకన్లు, ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ అంటే వాళ్లది పాత పుస్తకం. 2025 జూలై నుంచి అది ఎనిమిది సెకన్లు, ఎదుటి జట్టుకు కార్నర్. నియమాలు ఏటా మారుతుంటాయి కాబట్టి కొత్త పుస్తకమే తెచ్చుకో.

ఈలోగా 15వ నియమం చూసి నాకొక జవాబు రాయి. త్రో-ఇన్ వేసిన బంతి ఎవరికీ తగలకుండా ఎదుటి గోల్‌లోకి వెళ్లింది. ఆటను ఎలా మొదలుపెడతావు?