పోకర్ బాగా ఆడాలంటే లెక్కలు నిజంగా అవసరమా?

అవసరమే. అయితే చేతిలో ముక్కలు ఎంత మంచివన్న లెక్క కాదు, రావలసిన ముక్క కోసం ఎంత చెల్లించవచ్చన్న లెక్క. మన బడుల్లో సంభావ్యత పేరుతో సంచిలోంచి ఎర్రబంతులు తీయించి వదిలేస్తారు గానీ, ఆ బంతికి ధర కట్టడం ఎవరూ నేర్పరు.

పలాస దగ్గర మా అత్తవారి ఊళ్లో, జీడిపిక్కలు ఏరి ఇంటికి చేర్చిన వేసవిలో, సెలవులకు వచ్చిన పిల్లలు మాకు పోకర్ నేర్పారు. డబ్బు వద్దని పిక్కలనే పందెం కాశాం. ఒక ఆటలో మా బావమరిది చేతిలో రెండు ఇస్పేట్లున్నాయి. చాప మీద అందరికీ ఉమ్మడిగా తెరిచిన మూడు ముక్కల్లో మరో రెండున్నాయి; ఇంకో రెండు ముక్కలు ఒక్కొక్కటిగా తెరవాలి. ఇంకొక్కటి పడితే ఐదూ ఇస్పేట్లే, ఆట దాదాపు తనదే. కుప్పలో 50 పిక్కలుండగా మావయ్యగారు ఇంకో 50 తోశారు.

బావమరిదికి కనబడని ముక్కలు 47, వాటిలో ఇస్పేట్లు 9. అంటే తరువాతి ముక్కే ఇస్పేటయ్యే అవకాశం 19 శాతం. తానూ 50 వేస్తే 150 అయ్యే కుప్ప కోసం కనీసం 33 శాతం అవకాశం ఉండాలి. మిగిలిన రెండు ముక్కలూ చూడగలిగితే అది 35 శాతానికి చేరుతుంది గానీ, ఈలోగా మావయ్యగారు మళ్లీ పందెం పెంచరన్న హామీ ఏదీ? అప్పటికే ఆట వదిలి పక్కన కూర్చున్న నేను, మానెయ్యమన్నాను.

"ఏటి బావా, పంట ఇంటికొచ్చాక కూడా లెక్కలేటి?" అంటూ 50 వేశాడు. ఇస్పేటే పడింది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. చేతిలో రాజుల జత పెట్టుకుని, ఎదుటివాడు ఖరీదుగా చెల్లించేలా పందెం వేసిన మావయ్యగారే ఆ రాత్రి సరిగా ఆడారని నేనంటే ఎవరూ వినలేదు. గెలిచినవాడిది మంచి చెయ్యి, వదిలినవాడు పిరికివాడు అనుకోవడం మనవాళ్లకు అలవాటు. పేకాటలో కొంపలు మునిగేది అందువల్లనే.

1968లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్నది గనుక తామూ నిపుణులమేనని కొందరి ధీమా. ఆ తీర్పే మూడు ముక్కలాటను కేవలం అదృష్టపు ఆటగా వేరుచేసింది. డబ్బు పందెంతో సాగే ఆన్‌లైన్ ఆటలను 2025 నాటి కేంద్ర చట్టం నైపుణ్యంతో నిమిత్తం లేకుండా నిషేధించింది కూడా.

ఆ రాత్రి మావయ్యగారు 50కి బదులు 10 పిక్కలే వేసి ఉంటే, 70 అయ్యే కుప్పకు 10 చెల్లించడానికి దాదాపు 14 శాతం అవకాశం చాలు గనుక, అవే ముక్కలతో నిస్సందేహంగా ఆడమని నేనే చెప్పేవాణ్ణి.