కేఐ-67 యాంటీబాడీ పేరులో 67 అంటే ఆ ప్రోటీన్ సైజేనా?

కాదండీ, కేఐ-67 అనేది విభజన చక్రంలో ఉన్న కణాల్లోని ఒక ప్రోటీన్‌కి అతుక్కునే యాంటీబాడీ, అందులో 67 అనేది క్లోన్ (ఒకే కణం నుంచి పెరిగిన కణాల గుంపు) నంబర్, జర్మనీలోని కీల్ నగరంలో ఈ యాంటీబాడీని తయారుచేసినప్పుడు 96 గుంటల ప్లేట్లో అది దొరికిన చోటు, ముందున్న కేఐ ఆ ఊరి పేరులోంచి వచ్చింది. 1983లో యాంటీబాడీ గురించి ప్రకటించేటప్పటికి అది ఏ ప్రోటీన్‌కి అతుక్కుంటోందో సరిగ్గా తెలీదు, తర్వాత ఆ ప్రోటీన్ దొరికాక దానికీ అదే పేరు ఉండిపోయింది, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. అసలు ప్రోటీన్ చాలా పెద్దది, రెండు రూపాలు దాదాపు 345, 395 కిలోడాల్టన్లు (ప్రోటీన్ బరువు కొలత). అందుకే వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లని జెల్‌లో సైజు వారీగా విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) చేసి 67 దగ్గర బ్యాండ్ రాలేదని యాంటీబాడీని తిట్టుకుంటే లాభం లేదు, తక్కువ శాతం (పలచని) జెల్ పోసి పైన వెతకాలి.

ఇంకో పొరపాటు ఇంతకంటే ఎక్కువమంది చేస్తారు, కేఐ-67 పాజిటివ్ వస్తే కణం ఇప్పుడే రెండుగా చీలుతోందనుకుంటారు. అలా కాదు, ఇది కణ విభజన చక్రంలోని జీ1, ఎస్, జీ2, ఎం (అసలు చీలే దశ) దశలన్నిట్లో ఉంటుంది, విశ్రాంతిలో ఉన్న జీ0 కణాల్లో మాత్రం సాధారణంగా కనిపించదు. బయాప్సీ రిపోర్టులో కేఐ-67 30 శాతం అని ఉంటే వంద ట్యూమర్ కణాల్లో సుమారు 30 విభజన చక్రంలో ఉన్నాయని, అంతే. కచ్చితంగా చీలుతున్నవే కావాలంటే ఫాస్ఫో-హిస్టోన్ హెచ్3 యాంటీబాడీ వాడండి.