ఇంటి నుంచే వీడియో ఇంటర్వ్యూ: ముందు రోజు అదే గంటకు ఒకసారి కూర్చోండి

డిగ్రీ అయ్యాక మొదటి ఇంటర్వ్యూ, అదీ గూగుల్ మీట్‌లో, ఊళ్లో ఇంటి దగ్గర నుంచే ఇవ్వాలి, ఉన్నది పాత ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్, ఎలా ప్రిపేర్ అవ్వాలి అని అడిగారు. మూడేళ్ల క్రితం నాదీ ఇదే పరిస్థితి. అమలాపురం దగ్గర మా ఇంట్లోంచే రెండు ఇంటర్వ్యూలు ఇచ్చాను. మొదటిది పోయింది, రెండోది వచ్చింది. సబ్జెక్టు రెండింటికీ ఒకేలా చదివాను. తేడా అంతా రిహార్సల్‌లోనే.

మొదటిసారి ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి కెమెరా, మైకు చూసుకున్నాను. ట్యూబులైటు వెలుగులో అంతా బాగానే ఉంది. తెల్లారి పదకొండింటికి కూర్చునేసరికి నా వెనక కిటికీలోంచి ఎండ. "మీ ముఖం కనిపించట్లేదండీ" అన్నారు అవతలి మేడమ్. కుర్చీ జరుపుకుంటుండగానే నెట్ మందగించింది. నా ప్యాక్ రోజుకు ఒకటిన్నర జీబీ. పొద్దున్నుంచీ యూట్యూబ్‌లో ఇంటర్వ్యూ ప్రశ్నల వీడియోలు చూస్తూ దాదాపు అంతా వాడేశాను. రోజు కోటా అయిపోతే స్పీడు 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, దాంట్లో వీడియో కాల్ నడవదు. నా మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించాయట. పన్నెండు నిమిషాల్లో ముగించేశారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అందుకే గట్టిగా చెబుతున్నాను. మీ ఇంటర్వ్యూ ఏ గంటకో, ముందు రోజు అదే గంటకు, అదే కుర్చీలో, రేపు వేసుకోబోయే బట్టల్లోనే అరగంట కూర్చోండి. అవతల ఒక మనిషి ఉండాలి. రెండో ఇంటర్వ్యూ ముందు నాకోసం మా చిన్నక్క హైదరాబాద్ నుంచి కూర్చుంది. ఐదు నిమిషాలు కాగానే, "నా వైపు చూడవేంటే? కింద ఏదో చదువుతున్నట్టుంది" అంది. నేను చూస్తున్నది స్క్రీన్ మీద అక్క ముఖాన్నే. కెమెరా ఇంకా పైన ఉంది కాబట్టి తనకు నా కళ్లు వాలిపోయినట్టు కనిపించాయి. ల్యాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి కెమెరాను కళ్ల ఎత్తుకు తెచ్చాను. మీట్ విండోను చిన్నది చేసి సరిగ్గా కెమెరా కిందకు జరిపాను. "ఆఁ, ఇప్పుడు నాతో మాట్లాడుతున్నట్టుంది" అంది.

అక్క పట్టుకున్న ఇంకో తప్పు, తన మాట పూర్తికాకముందే నేను అందుకోవడం. నెట్‌లో మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది, ఇద్దరి మాటలూ కలిసిపోతాయి. అవతలివాళ్లు ఆపాక మనసులో ఒకటి, రెండు అనుకుని మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాను. దానివల్ల టెన్షన్ కూడా తగ్గింది. ఆ అరగంటా అమ్మ ఫోన్‌తో రికార్డు చేశాను. వింటే తెలిసింది, "మీ గురించి చెప్పండి" అన్నదానికి నాలుగు నిమిషాలు చెప్పానని! నిమిషంన్నరకు కుదించాను. పైన ఫ్యాను హోరు కూడా మైకులో పడింది. మైకున్న వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే చాలావరకు పోయింది.

హాట్‌స్పాట్ బదులు యూఎస్‌బీ కేబుల్‌తో ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. నెట్ నిలకడగా ఉంటుంది, ఫోన్ ఛార్జ్ కూడా అవుతుంది. ల్యాప్‌టాప్ పాతది అన్నారు కాబట్టి మిగతా ట్యాబులన్నీ మూసేయండి. ఆ రోజు పొద్దున డేటా వేరే దేనికీ వాడకండి.

కరెంటు సంగతి చాలామంది మర్చిపోతారు. లైను పనులుంటే ఏ ప్రాంతంలో ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఆపుతారో పేపర్ జిల్లా పేజీల్లో వేస్తుంటారు. మీ ఊరి లైన్‌మ్యాన్‌ను ఒక మాట అడిగినా చెబుతారు. ఇంట్లోవాళ్లకు కూడా ముందే చెప్పి ఉంచండి. మా నాన్న ఆ గంటా టీవీ కట్టేసి అరుగు మీద కూర్చున్నారు, ఎవరైనా వస్తే బయటే మాట్లాడి పంపడానికి.

హెచ్ఆర్ ఫోన్ నంబరు కాగితం మీద పెద్దగా రాసి ఎదురుగా పెట్టుకోండి. రెండో ఇంటర్వ్యూలోనూ మధ్యలో నా నెట్ పోయింది. ఈసారి కంగారు పడకుండా అమ్మ ఫోన్ నుంచి ఆ నంబరుకు చేసి, "సార్, నెట్ పోయింది, రెండు నిమిషాల్లో మళ్లీ జాయిన్ అవుతాను" అన్నాను. "పర్లేదమ్మా, రండి" అన్నారు. మళ్లీ లోపలికి వెళ్లేసరికి అందరూ అలాగే ఉన్నారు. ఆగిపోయిన ప్రశ్న దగ్గర నుంచే మొదలుపెట్టారు.