రోహిణి ఎండల్లో బిగోనియాల కాపలా

ఈ శీర్షిక రాయడం మొదలుపెట్టాక ఒకే మొక్క గురించి ఇన్ని ఉత్తరాలు ఒకేసారి రావడం ఇదే మొదటిసారి. దాదాపు అన్నీ బిగోనియాల గురించే; రంగురంగుల ఆకుల కోసం, పూల కోసం కుండీల్లో పెంచుకునే మొక్కలవి. ఆగస్టులో కుండీ మొక్కల పోటీలు పెట్టుకుని మే నెల ఎండను చూసి బెంగపడుతున్నవారే అందరూ. ఆ బెంగ నాకూ ఉంది. ఇది రాస్తున్నది మే మూడో వారంలో, నెల్లూరు దర్గామిట్టలోని మా ఇంటి ఉత్తరపు వసారాలో కూర్చుని. ఎదురుగా ముప్పై నాలుగు బిగోనియా కుండీలు ఉన్నాయి. వాటిలో ఆరు పోటీకి. కర్తరి నడుస్తోంది, రోహిణి ఇంకా రానేలేదు.

*ప్రశ్న: అమ్మా, మూడేళ్ళుగా రెక్స్ బిగోనియాలు పెంచుతున్నాను. రెండు కుండీలు పోటీకి అనుకున్నాను. పది రోజులుగా ఆకుల అంచులు గోధుమరంగుకు మారి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. రోజుకు మూడుసార్లు నీళ్ళు పోస్తున్నాను, ఎరువు కూడా పెంచాను. ఇంకా ఏమి చేయాలి?*
— ఒక ఉపాధ్యాయురాలు, కావలి

చేయడం తరువాత, ముందు ఆపండి తల్లీ. ఎరువు ఈ పూటనుంచే ఆపండి. మూడుసార్లు నీళ్ళు పోయడమూ ఆపండి.

మీ మొక్క ఆకుల అంచులు ఎండుతున్నది వేళ్ళ దగ్గర తడి లేక కాదు, గాలిలో తేమ లేక. రెక్స్ మన అస్సాం కొండల మొక్క. 1857లో దానికి రెక్స్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో రాజు అని అర్థం. పెద్ద చెట్ల నీడన, కుళ్ళిన ఆకుల మెత్తటి నేలలో, ఎప్పుడూ తేమగా ఉండే గాలిలో పెరిగిన వంశం అది. మన దగ్గర సముద్రపు గాలి వేళకు తిరిగిన రోజున పరవాలేదు. పడమటి వడగాలి సాయంత్రం దాకా వదలని రోజున వేళ్ళు తోడే నీటికంటే ఆకు పోగొట్టుకునే నీరు ఎక్కువవుతుంది. ఆకులో అందరికన్నా చివర ఉన్నది అంచే కనుక అదే ముందు ఎండుతుంది. అప్పుడు మట్టిలో నీళ్ళు నింపితే వేళ్ళకు ఊపిరి ఆడదు, కుళ్ళుతాయి. కుళ్ళిన వేరు నీరు తోడలేదు, ఆకు ఇంకా వాలుతుంది. వాలిందని మనం మళ్ళీ నీళ్ళు పోస్తాం.

నాలుగేళ్ళ క్రితం నేను సరిగ్గా ఇదే చేశాను. వెండి చారల రెక్స్, పంతొమ్మిది ఆకులు, ఏ వైపునుంచి చూసినా ఒకేలా గుండ్రంగా అమరిన మొక్క. మధ్యాహ్నం రెండు గంటలకు ఆకులు వాలి కనిపించాయి. గాబరాపడి చెంబెడు నీళ్ళు పోశాను. మరునాడూ అంతే, మూడోనాడూ అంతే. ఆరో రోజున మొదలు దగ్గర కాండం మెత్తబడి, వేలితో తాకితే పక్కకు ఒరిగిపోయింది. నా చేతులతో నేనే చంపుకున్నాను. ఆ మొక్క తలపుకు వస్తే ఇప్పటికీ బాధే.

అప్పటినుంచి మధ్యాహ్నం వాలిన ఆకును చూసి నీళ్ళు పోయను. సాయంత్రం ఆరింటికి మళ్ళీ చూస్తాను. ఆకు దానంతట అది లేస్తే అది దాహం కాదు, ఎండ బడలిక. లేవకపోతే అప్పుడు మట్టి కుండీని వేలి కణుపుతో మెల్లగా తడతాను. లోపల ఎండిపోయి ఉంటే ఖంగుమంటుంది. తడి ఉంటే మద్దెల మీద అరచేయి పెట్టి కొట్టినట్టు బొద్దుగా పలుకుతుంది. ఒక వారం రోజులు వింటే మీ చెవికీ ఆ తేడా పట్టుబడుతుంది. ప్లాస్టిక్ కుండీ అయితే చేత్తో ఎత్తి బరువు చూడండి. ఖంగుమన్న కుండీకే నీళ్ళు, అదీ తెల్లవారుజామున.

ఇక గాలికి తేమ ఎలా ఇవ్వాలంటే, వెడల్పాటి పళ్ళేల్లో పెన్న ఇసుక రెండంగుళాలు పోసి తడిపి, దాని మీద ఇటుక ముక్కలు పేర్చి, వాటి మీద కుండీలు పెట్టండి. కుండీ అడుగు నీటిని తాకకూడదు. పడమటి వైపు వట్టివేళ్ళ తడికె కట్టి పదింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి తడపండి. పొద్దు వాలాక తడికె ఎత్తేయండి. రాత్రంతా తేమను అలాగే బంధిస్తే ఆకుల మీద బూడిద తెగులు పేరుకుంటుంది. కుండీకీ కుండీకీ జానెడు ఎడం ఉంచితే ఆ తెగులు సగం రాదు. ఒకవేళ వచ్చినా ఈ ఎండల్లో గంధకం పొడి చల్లకండి, వేపనూనె పిచికారీ చేయకండి. రెండూ ఆకును కాల్చేస్తాయి. మచ్చపడ్డ ఆకును కోసి దూరంగా పారేయండి, చాలు.

అంచు ఎండిన ఆకులను మాత్రం ఇప్పుడే తీసేయకండి. పోటీ అనగానే మాడిన ఆకు కంటికి ముల్లులా ఉంటుంది, నాకు తెలుసు. కానీ మిగిలిన పచ్చటి భాగం మొక్కకు ఇంకా అన్నం వండిపెడుతోంది. జూలైలో కొత్త ఆకులు విప్పారాక ఒక్కొక్కటిగా తీయవచ్చు. మూడు రోజులకొకసారి కుండీని పావు వంతు తిప్పండి. లేకపోతే మొక్క వెలుతురు వైపే ఒరుగుతుంది. న్యాయనిర్ణేత ముందుగా చూసేది ఆ ఒరుగుడే. ఆకు మీది దుమ్మును పొడి కుంచెతో దులపండి. నూనెలు, మెరుపు ద్రావకాలు పూసిన ఆకు ఎంత మెరిసినా నాకు నచ్చదు. నూగు ఉన్న ఆకు మీద అవి మచ్చలు కూడా చేస్తాయి.

కుండీ మార్చాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. కర్తరిలో మట్టి కదపకూడదని మా అత్తగారు గునపం కూడా ముట్టనిచ్చేవారు కాదు. వేరు తెగిన మొక్క ఈ గాలికి తట్టుకోలేదు కాబట్టి, బిగోనియాల విషయంలో ఆ మాట అక్షరాలా పాటిస్తాను. ఎరువు మృగశిర వచ్చాక, ఎండ కాస్త తగ్గాక, మామూలు మోతాదులో నాలుగో వంతుతో మొదలుపెట్టండి.

ఒక్క పని మాత్రం వెంటనే చేయండి. తల్లి మొక్క పోయినా రకం పోకుండా ఒక ఆకు దాచుకోండి. లేతదీ ముదురుదీ కాని ఆకును తీసుకుని వెనక్కు తిప్పండి. ఈనెలు తాళ్ళలా ఉబికి, ఎర్రటి నూగుతో కనిపిస్తాయి. కొత్త బ్లేడుతో పెద్ద ఈనెలు చీలే చోట్ల అడ్డంగా చిన్న గాటు పెట్టండి. మిఠాయి కొట్టువాళ్ళు ఇచ్చే మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో తడిపి గట్టిగా పిండిన కొబ్బరి పొట్టు పరచి, గాట్లు కిందికి వచ్చేలా ఆకును పడుకోబెట్టి, అది పైకి లేవకుండా పుల్లలు గుచ్చండి. మూత పెట్టి, ఎండ పడని చల్లటి గదిలో ఉంచి, రెండు రోజులకొకసారి మూత తీసి గాలి ఆడనివ్వండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఒక్కో గాటు దగ్గర గోరంత ఆకుతో ఒక్కో పిల్ల లేస్తుంది. అంత చిన్న ఆకులోనూ ఆ వెండి చార ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను.

*ప్రశ్న: మేడమ్, ఇటీవల ఊటీ వెళ్ళినప్పుడు అరచేతి వెడల్పు గులాబీల్లాంటి బిగోనియా పూలు చూశాను. ఆ రకం గడ్డలు తెప్పించి నాటితే రెండు వారాల్లో కుళ్ళిపోయాయి. తప్పు ఎక్కడ జరిగింది?*
— ఒక పాఠకుడు, ఒంగోలు

తప్పు మీది కాదండీ, ఊరిది. అవి గడ్డ బిగోనియాలు. వాటి పూర్వజాతులను 1860లలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల మీదినుంచి ఇంగ్లండు తీసుకువెళ్ళారు. ఆ సంకరాలే మీరు చూసిన పూలు. రాత్రి చలి, పగలు మెత్తటి ఎండ వాటికి అలవాటు. ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది కనుక అక్కడ మే నెలలో కూడా చెల్లుతుంది. ఒంగోలులో మే నెల రాత్రి కూడా చల్లబడదు. పైగా వాటికి పొడవైన పగళ్ళు కావాలి. లండనులో జూన్ పగలు పదహారు గంటలు దాటుతుంది. మనకు ఏడాదిలో అతి పొడవైన పగలే పదమూడు గంటల దగ్గర ఆగిపోతుంది. పగలు పొట్టిదైతే ఆ మొక్క పూయడం వదిలి గడ్డ ఊరడం మీద పడుతుంది.

మళ్ళీ డబ్బు పోయకండి. ఆ పూల మీద మోజు ఉంటే ఏటా ఊటీ వెళ్ళి చూడండి. ఇంట్లో మాత్రం కణుపుల కాండంతో చెరకులా నిలువుగా పెరిగే బిగోనియాలు పెట్టండి. మన ఎండలకు, నీడ పట్టున ఉంచితే, అన్నిటికంటే బాగా ఓర్చుకునేవి అవే.

*ప్రశ్న: అమ్మా, మీరు ఇంతకు ముందు రాసిన చెరకు కాండం బిగోనియానే పెట్టాను. గుత్తులుగా పూసింది. కానీ మొదట విప్పిన పూలన్నీ నాలుగు రోజుల్లో రాలి నేల నిండిపోయింది. వెనకాల మూడు రెక్కలున్న పూలు మాత్రం నిలిచాయి. ఇది తెగులా? పోటీ నాటికి పూలు ఉండాలంటే ఏమి చేయాలి?*
— ఒక విద్యార్థి, నెల్లూరు

తెగులు కాదు నాయనా. బిగోనియాకు ఒకే మొక్క మీద మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. ముందు విప్పేవి మగపూలు. నడుమ పసుపు కేసరాల కుచ్చు ఉంటుంది. పని అయిపోగానే రాలిపోతాయి. ఆ మూడు రెక్కలవి ఆడపూలు, రెక్కల నడుమ ఉన్నది గింజల తిత్తి. అవి వారాల తరబడి వేలాడతాయి. రాలినవాటిని రోజూ ఏరేయి. తడిసి ఆకు మీద అతుక్కున్న పువ్వు కింద మచ్చపడి కుళ్ళు మొదలవుతుంది.

పోటీకి అసలు కిటుకు మొగ్గలను ఎప్పుడు వదలాలన్నదే. ఇంగ్లండులో గడ్డ బిగోనియాలను పోటీకి పెంచేవారు ప్రదర్శనకు సుమారు ఆరేడు వారాల ముందు వరకు వచ్చిన మొగ్గనల్లా గిల్లేస్తారు. ఆ తరువాత కొమ్మకు ఒక్క మగమొగ్గను ఉంచి, దాని పక్కనున్న ఆడమొగ్గలను తీసేస్తారు. బలమంతా ఆ ఒక్క పువ్వుకే పోతుంది. మన మొక్కకు గుత్తే అందం కనుక ఆడమొగ్గలు తీయనక్కరలేదు, కానీ తేదీ లెక్క మనకూ పనికొస్తుంది. ఆగస్టు రెండో వారం పోటీ అనుకుంటే జూన్ ఆఖరు దాకా గుత్తులను చిన్నగా ఉండగానే తుంచేయి. జూలై మొదటినుంచి వదిలెయ్యి. ఈ ఎండల్లో పూయించిన మొక్క ఆగస్టుకు అలసిపోయి ఉంటుంది. ఇప్పుడు విరగబూసిన మొక్కను తుంచడానికి చేయి రాదు. మా ఇంట్లో నిన్న ఉదయం పదకొండు గుత్తులు తుంచి నీళ్ళ గిన్నెలో వేసి దేవుడి గూటి ముందు పెట్టాను.

కాండాలకు ఇప్పుడే వెదురు బద్దలు గుచ్చి అరటినారతో వదులుగా కట్టు. గుత్తులు బరువెక్కాక కట్టబోతే కణుపు దగ్గర పుటుక్కున విరుగుతుంది.

*ప్రశ్న: మా బోరు నీళ్ళు పోస్తే మట్టి మీద, కుండీ అంచుల మీద తెల్లటి పొక్కు కడుతోంది. శుద్ధి ప్లాంటులో వదిలేసే నీళ్ళు ఉచితంగా దొరుకుతున్నాయి. అవి పోయవచ్చా?*
— ఒక గృహిణి, కనిగిరి

వద్దమ్మా, ఒక్క చెంబు కూడా వద్దు. ప్లాంటు వదిలేసేది, మంచినీటిలోంచి తీసేసిన ఉప్పులన్నీ చేరిన నీరు. మీ బోరు నీటికంటే అది చెడ్డది. బిగోనియా వేళ్ళు సన్నవి, ఉప్పుకు తట్టుకోలేవు.

మా ఇంట్లో ఈ రెండు నెలలూ ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళే బిగోనియాలకు. గాలిలోని ఆవిరి నీరుగా మారి కారేది కనుక అందులో ఉప్పు ఉండదు. రాత్రి పూట బకెట్టు పెట్టే బాధ్యత మా మనవడిది. పొద్దున లేచి ఎన్ని చెంబులు వచ్చాయో కొలిచి గోడమీది క్యాలెండరులో రాస్తాడు. ఏసీని మందులతో కడిగించిన వారం మాత్రం ఆ నీళ్ళు పారబోయండి. తెల్ల పొక్కు ఉన్న పై మట్టిని అర అంగుళం మేర చెంచాతో తీసేసి, మాడ్చిన వరి ఊక వేయండి. ఊక నల్లబడగానే నీళ్ళు చల్లి ఆర్పాలి. తెల్ల బూడిద అయ్యేదాకా కాలితే అది క్షారం, మళ్ళీ మొదటికే వస్తుంది. కొబ్బరి పొట్టు కొంటే మూడు నాలుగు నీళ్ళు మార్చి కడిగి వాడండి. అందులోనూ ఉప్పు ఉంటుంది.

*ప్రశ్న: మా మనవరాలు బిగోనియా ఆకు కొరికి గోంగూరలా పుల్లగా ఉందంది. ప్రమాదమా? పచ్చడి చేసుకోవచ్చా?*
— ఒక నాయనమ్మ, ఆత్మకూరు

ఆ పులుపు ఆక్సాలిక్ ఆమ్లానిది. ఈశాన్య రాష్ట్రాల కొండల్లో కొన్ని అడవి బిగోనియాలను కూరలో వేసుకుంటారు. ఒక కొరుకుకు ఏమీ కాదు, నోరు పుక్కిలించమనండి. కానీ నర్సరీ మొక్కల మీద ఏ మందు కొట్టారో మనకు తెలియదు కనుక పచ్చడి మాట వద్దు. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు అసలే దూరంగా ఉండాలి. గోంగూర ఉండగా మనకు ఇంకో పులుపు ఎందుకమ్మా.

*ప్రశ్న: వచ్చే వారం కడియం వెళ్తున్నాను. పోటీకి మంచి బిగోనియాలు కొని రైల్లో తెచ్చుకోనా?*
— ఒక పాఠకుడు, సింగరాయకొండ

జూన్ నెలాఖరు దాకా ఆగగలిగితే ఆగండి. నర్సరీ నీడలో, పొగమంచులాంటి తుంపర కింద పెరిగిన మొక్క మే నెల రైలు పెట్టెలో వాడిపోతుంది. తప్పదంటే రాత్రి బండికి రండి. బయలుదేరే ముందురోజు నీళ్ళు పోయించండి, ప్రయాణం రోజున వద్దు. ఆకులను పాత పత్రికతో పొట్లంలా పైకి మడిచి చుట్టి, అట్టపెట్టెలో కుండీ కదలకుండా చుట్టూ కాగితం ఉండలు కుక్కండి. పెట్టె కిటికీ పక్కన పెట్టకండి. ఇల్లు చేరాక కుండీ మార్చకుండా, ఎరువు వేయకుండా, ఇంట్లో అన్నిటికంటే చల్లటి మూలలో పది రోజులు వదిలేయండి. ఒకటి రెండు కింది ఆకులు రాలతాయి. నడుమ కొత్త ఆకు ముడత విప్పుతుంటే మొక్క నిలదొక్కుకున్నట్టే. అది కనిపించిన రోజున నాకొక కార్డు ముక్క రాయండి.