కొత్త బ్లూ-రే ప్లేయర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: మా అబ్బాయి డాలస్ నుంచి వస్తూ బ్లూ-రే ప్లేయర్, నాలుగు సినిమా డిస్కులు తెచ్చాడు. ఇంకా ప్లగ్ పెట్టలేదు. ఇక్కడ కొన్న డిస్కులు దాంట్లో ఆడతాయా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జ: ప్లగ్ పెట్టకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. ప్లేయర్‌ను వెనక్కి తిప్పి, కరెంటు వైరు దగ్గరుండే చిన్న స్టిక్కర్ చదవండి. 100-240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చే అడాప్టర్ చాలు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే నేరుగా పెట్టొద్దు. మన 230 వోల్టులకు లోపలి పవర్ సప్లై కాలిపోతుంది. అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని తగ్గించదు. అలాంటప్పుడు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఈ ప్లేయర్లు వాడుకునే కరెంటు తక్కువే కాబట్టి 100 వాట్లది సరిపోతుంది.

ఇక డిస్కులు. బ్లూ-రే కోసం ప్రపంచాన్ని ‘ఏ’, ‘బీ’, ‘సీ’ అని మూడు ప్రాంతాలుగా విడగొట్టారు. అమెరికా, జపాన్ ‘ఏ’ కిందికి వస్తాయి. యూరప్, ఆస్ట్రేలియా బీ. మన దేశం, చైనా, రష్యా సీ. డీవీడీల లెక్క వేరు: అమెరికాది 1, మనది 5. మీ ప్లేయర్ బ్లూ-రేలో ‘ఏ’కు, డీవీడీలో 1కే కట్టుబడి ఉంటుంది. కంప్యూటర్ డ్రైవ్‌లోలాగా సెట్టింగుల్లోకి వెళ్లి మార్చుకునే వీలు ఉండదు. అబ్బాయి తెచ్చినవి అక్కడే కొన్నవైతే ఆడతాయి. ఇక్కడ కొనేటప్పుడు కవర్ వెనక ఆరు పలకల గుర్తు వెతకండి. ఏ, బీ, సీ మూడూ ఉంటే తీసుకోండి, సీ ఒక్కటే ఉంటే వదిలేయండి. డీవీడీ కవర్ మీద భూగోళం బొమ్మలో అంకె ఉంటుంది. అది అన్ని ప్రాంతాలదైనా, మన దేశపు టీవీ పద్ధతైన పాల్‌లో రాసిందైతే అమెరికా ప్లేయర్ తెరవకపోవచ్చు. 4కే డిస్కులకు (మామూలు బ్లూ-రేకు నాలుగింతల చుక్కల బొమ్మ ఉండేవి) ఈ ప్రాంతాల గొడవ లేదు, కాకపోతే వాటికి 4కే ప్లేయరే ఉండాలి.

ప్ర: ప్లేయర్, సౌండ్‌బార్ రెండూ కొత్తవే. పాటలొస్తే ఇల్లు అదురుతుంది, మాటలు మాత్రం వినబడవు. డిస్కు మీద అట్మాస్ అని ఉంది, సౌండ్‌బార్ మీద ఆ మాట ఒక్కసారీ వెలగలేదు.
– ఓ పాఠకురాలు, కాకినాడ

జ: అట్మాస్ అంటే చుట్టూ, పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి. మీరు ప్లేయర్ వైరు టీవీకి, టీవీ నుంచి ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ వైరులోనే బయటికి పంపే దారి) ద్వారా సౌండ్‌బార్‌కు ఇచ్చి ఉంటారు. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. మామూలు ఏఆర్‌సీ దారి ఇరుకు. డిస్కులో అట్మాస్‌ను మోసుకొచ్చే ట్రూహెచ్‌డీ శబ్దం అందులో పట్టదు. సౌండ్‌బార్ వెనక హెచ్‌డీఎంఐ ఇన్ అనే సాకెట్ ఉంటే ప్లేయర్‌ను అక్కడ కలిపి, సౌండ్‌బార్ నుంచి టీవీకి మరో వైరు ఇవ్వండి. 4కే ప్లేయర్ అయితే సౌండ్‌బార్ 4కే, హెచ్‌డీఆర్ (వెలుగూ నీడా మరింత స్పష్టంగా చూపే) బొమ్మను టీవీకి దాటిస్తుందో లేదో ముందు చూసుకోండి. హెచ్‌డీఎంఐ ఇన్ లేకపోతే టీవీకీ సౌండ్‌బార్‌కూ రెండింటికీ ఏఆర్‌సీ కన్నా వెడల్పు దారైన ఈఏఆర్‌సీ ఉండాల్సిందే.

తర్వాత ప్లేయర్ ఆడియో సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్‌ను బిట్‌స్ట్రీమ్‌కు (శబ్దాన్ని విప్పకుండా ఉన్నదున్నట్టు పంపే పద్ధతి) మార్చండి. బీడీ ఆడియో మిక్స్ అనో, సెకండరీ ఆడియో అనో ఇంకొకటి కనిపిస్తుంది. దాన్ని ఆఫ్ చేయండి. అసలు మెలిక ఇక్కడే ఉంది. అది ఆన్‌లో ఉంటే మెనూ నొక్కినప్పుడు వచ్చే టిక్కు టిక్కు చప్పుళ్లను సినిమా శబ్దంలో కలపడానికి ప్లేయర్ మొత్తం విప్పి, మళ్లీ మామూలు డాల్బీగా కట్టి పంపుతుంది. అట్మాస్ అక్కడే పోతుంది.

మాటల సంగతి: డిస్కు శబ్దంలో మెల్లటి మాటకూ పెద్ద మోతకూ మధ్య తేడా చాలా ఎక్కువ. బిట్‌స్ట్రీమ్‌లో పంపినప్పుడు శబ్దాన్ని విప్పేది సౌండ్‌బార్ కాబట్టి సర్దుబాటు కూడా దాని రిమోట్‌తోనే చేయాలి. మాటలు వచ్చే సెంటర్ స్పీకర్ స్థాయిని రెండు మూడు మెట్లు పెంచండి, రాత్రిపూట పెద్ద మోతలను తగ్గించే నైట్ మోడ్ పెట్టండి.

సౌండ్‌బార్ లేనివారికి ఓ మాట. కొన్ని డిస్కులకు బొమ్మ వచ్చి శబ్దం అసలు రాకపోతే అది డీటీఎస్ (డాల్బీలాంటి మరో శబ్ద పద్ధతి) ట్రాక్ అయి ఉండొచ్చు. చాలా టీవీలు దాన్ని విప్పలేవు. ప్లేయర్ అవుట్‌పుట్‌ను పీసీఎం (ప్లేయరే శబ్దాన్ని విప్పి పంపే పద్ధతి) చేస్తే శబ్దం వచ్చేస్తుంది.

ప్ర: 4కే డిస్కు సినిమా మధ్యలో బిగుసుకుపోతోంది. గీత ఒక్కటీ లేదు. ప్లేయర్ మార్చమని అడగాలా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జ: తొందరపడకండి. అదే డిస్కు మళ్లీ పెట్టి, ఆగిన నిమిషం రాసుకోండి. ప్రతిసారీ అక్కడే ఆగితే తప్పు డిస్కుది. వేర్వేరు డిస్కులు వేర్వేరు చోట్ల ఆగితే అనుమానం ప్లేయర్ మీదికి మళ్లుతుంది.

డీవీడీలో సమాచారం ఉండే పొర పైనుంచి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, బ్లూ-రేలో 0.1 మిల్లీమీటరే. అందుకే పైన గట్టి పూత వేస్తారు, గీతలు అంత సులువుగా పడవు. కానీ మూడు పొరల్లో 100 జీబీ దాకా దట్టించిన 4కే డిస్కుకు జిడ్డు వేలిముద్ర ఒక్కటి చాలు. లైటు కింద ఏటవాలుగా పట్టి చూస్తే పొగ పేరినట్టు మచ్చ కనిపిస్తుంది. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా వద్దు. చీర కొంగుతో, చొక్కా అంచుతో అసలే వద్దు. చిన్న బ్రష్షులున్న లెన్స్ క్లీనర్ డిస్కు జోలికి కూడా పోకండి.

డిస్కు శుభ్రంగా ఉన్నా ఆగుతుంటే సాఫ్ట్‌వేర్ చూడండి. కొత్త డిస్కుల మీద కాపీ కాకుండా వేసిన తాళాలు తెరవడానికి కొత్త అప్‌డేట్ కావాల్సి వస్తుంది. ఇంటర్నెట్ లేకపోతే కంపెనీ సైటు నుంచి ఫైలు దించి, ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టండి. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే ప్లేయర్ పాడయ్యే ప్రమాదం ఉంది, ఇన్వర్టర్ మీద ఉంచి చేయండి. సెట్‌టాప్ బాక్సును ప్లేయర్ మీద పెట్టొద్దు, వేడికి కూడా ఇలాగే ఆగుతుంది.

ప్ర: కొత్త టీవీలో పైనా కిందా నల్ల పట్టీలు ఎందుకు?
– ఓ పాఠకురాలు, ఒంగోలు

జ: సినిమాస్కోప్ బొమ్మ టీవీ తెర కన్నా వెడల్పు. ఫుల్ హెచ్‌డీ బొమ్మలోని 1080 అడ్డగీతల్లో సినిమాకు దక్కేవి సుమారు 800, మిగతావి నలుపు. జూమ్ చేస్తే పట్టీలు పోతాయి గానీ పక్కలనున్న మనుషులూ పోతారు. దయచేసి చేయకండి.

ప్ర: మా పెళ్లి వీసీడీలు ఈ ప్లేయర్‌లో పెడితే తెరవడం లేదు.
– ఓ పాఠకుడు, కరీంనగర్

జ: చాలా బ్లూ-రే ప్లేయర్లు వీసీడీని చదవవు. డిస్కు డ్రైవ్ ఉన్న కంప్యూటర్‌లో తెరిచి, ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్‌లోని డ్యాట్ ఫైళ్లను రెండు చోట్ల కాపీ చేసుకోండి. వీఎల్‌సీ అనే వీడియో ప్రోగ్రాంలో అవి అలాగే ఆడతాయి. బొమ్మ 352 బై 288 చుక్కలదే కాబట్టి పెద్ద టీవీలో మసగ్గా ఉంటుంది, అది ప్లేయర్ లోపం కాదు. ఇలా రికార్డు చేసిన డిస్కుల్లో రంగు పూత ఏళ్లు గడిచేకొద్దీ చెడిపోతుంది. ఈ కాపీ పని ఈ వారమే చేయండి.